పెనం సంగతి సరే, కంచం సంగతేమిటి?

ఈ మధ్య మన ఫోన్లలో ఒక కథ తెగ తిరుగుతోంది. మీకూ వచ్చే ఉంటుంది. పైన నల్లటి ఇనప పెనం, అందులో ఎర్రగా వేగుతున్న చేపముక్కలు, పక్కన కట్టెల పొయ్యి, తెల్లచీరలో ఒక అమ్మమ్మ బొమ్మ. కింద రాసిందాని సారాంశం ఇది: మన అమ్మమ్మలు ఇనప పెనాల మీద వండారు కాబట్టి ఒంట్లో నెత్తురుండేది, ఏడెనిమిదిమందిని కని కూడా రాయిలా తిరిగారు. ఈ కాలం ఆడవాళ్ళు సుఖానికి అలవాటుపడి నాన్‌స్టిక్ కొనుక్కున్నారు కాబట్టే ఈ నీరసాలు, ఈ కళ్ళు తిరగడాలు, ఈ రక్తహీనత. చివర్న రెండు చేతులు జోడించిన గుర్తు. పంపేవాళ్ళెవరయ్యా అంటే బాబాయిలు, మావయ్యలు, ఇంట్లో అగ్గిపెట్టె ఎక్కడుంటుందో తెలియని అన్నయ్యలు.

నేను ఇనప పెనానికి శత్రువుని కాను. అసలు చేప వేపుడంటే నేను పోత పెనం తప్ప ఇంకోటి ముట్టుకోను. మా అమ్మ దగ్గర్నుంచి వచ్చిన పెనం ఒకటుంది, అది నా పెళ్ళికంటే పాతది. ఊళ్ళోకి పాత ఇనప సామాన్లకి ఉల్లిపాయలిస్తామని కేకేసుకుంటూ బండివాళ్ళొచ్చే రోజుల్లో వీధిలో సగంమంది తమ పెనాలు వేసేస్తుంటే, మా అమ్మ మాత్రం దాన్ని అటక మీద పెట్టి ఉంచింది. అందుకే నాకు ఒళ్ళు మండింది. నాకు ఇష్టమైన వస్తువునే తీసుకొచ్చి నా నెత్తిన మొడుతున్నారు.

ముందు దాన్ని కాస్త పొగడనివ్వండి, తర్వాత పోట్లాట.

చేప పెనానికి అంటుకుపోతుందని చాలామంది భయం. అంటుకునేది రెండు కారణాలకి. పెనం చాలినంత వేడెక్కకపోవడం, ముక్క తడిగా ఉండడం. పల్చటి రేకు పెనం మీద నాలుగు చల్లటి ముక్కలు వేశామంటే పెనంలో ఉన్న వేడంతా ముక్కలు లాగేసుకుంటాయి. ఇక అక్కడ్నుంచి చేప వేగదు, ఉడుకుతుంది. నీరు వదులుతుంది, మసాలా ఊడి నూనెలో తేలుతుంది, తిప్పబోతే చర్మం కింద, కండ పైన. పోత పెనం అలా కాదు. వేడెక్కడానికి బద్ధకిస్తుంది గానీ ఎక్కిన వేడిని ఓ పట్టాన వదలదు. సన్నటి సెగ మీద ఏడెనిమిది నిమిషాలు ఖాళీగా ఉంచి, తర్వాత నూనె పోసి, నూనె పల్చబడి అలలాగా కదిలినప్పుడు ముక్క జారవిడవాలి. చుయ్యిమని గట్టిగా చప్పుడు రావాలి. నెమ్మదిగా వచ్చిందంటే తొందరపడ్డారన్నమాట. వేశాక ముట్టుకోకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు, అట్లకాడ చేతిలో ఉంటే చెయ్యి ఊరుకోదు. మూడు నాలుగు నిమిషాలకి అడుగున పొర కట్టి ముక్క తనంతట తానే పెనాన్ని వదిలేస్తుంది. అట్లకాడ కింద పెట్టగానే కదిలితే వేగినట్టు, కదలకపోతే ఇంకా దానికి పనుందని అర్థం.

ఇంకోటి, మరీ తాజా చేప గురించి. ఏట్లోంచి తీసిన గంటలోపే పెనంలో పడితే స్వర్గమని అనుకుంటారు. అంత తాజా చేప పెనం తగలగానే ముడుచుకుపోతుంది. మధ్యలో లేచి విల్లులా వంగుతుంది, అంచులు మాడతాయి, నడుం పచ్చిగా ఉంటుంది. చర్మం మీద అడ్డంగా రెండు మూడు గాట్లు పెడితే ఈ గొడవ తగ్గుతుంది. లేదా శుభ్రం చేసి, ఉప్పూ పసుపూ రాసి కాసేపు చల్లగా ఉంచి, వదిలిన నీళ్ళు వంచేసి, బట్టతో అద్ది, అప్పుడు కారం, ధనియాల పొడి, కొంచెం అల్లంవెల్లుల్లి, గుప్పెడు కాదు చిటికెడు బియ్యప్పిండి పట్టించాలి. అల్లంవెల్లుల్లి ఎక్కువైతే ముక్క వేగేలోపు అది మాడిపోతుంది. నిమ్మరసం దింపాకే. కొరమేనుకైతే చర్మం జిగురు పోయేదాకా బూడిదతోనో కల్లుప్పుతోనో రుద్దాలి. జెల్లకి రెక్కల దగ్గర ముల్లుంటుంది, జాగ్రత్త. వంజరం, చందువ లాంటి సముద్రం చేపలకి ఇంత తతంగం లేదు. చేదుకట్టు పగలకుండా తీయడం మాత్రం ఏ చేపకైనా తప్పదు.

ఇంత చేసిన ముక్క పోత పెనం మీదనుంచి తీసి వేడివేడిగా నోట్లో పెట్టుకుంటే పైన కరకర, లోపల వెన్న. నాన్‌స్టిక్ మీద ఆ పొర రాదు, ఇది నా పక్షపాతం అనుకున్నా సరే.

కాబట్టి పెనం గొప్పదే. రుచికి గొప్పది. దాన్ని మందుసీసాగా మార్చడం దగ్గరే నాకు పేచీ.

ఇనప పాత్రలోంచి ఇనుము వంటలోకి దిగే మాట నిజమే. కానీ ఏ వంటలోకి? పులుపూ తడీ ఉండి ఎక్కువసేపు ఉడికేదానిలోకి బాగా దిగుతుంది. టమాటా, చింతపండు లాంటివి ఇనుముని కరిగించి తీసుకుంటాయి. నూనెలో పది నిమిషాలు వేగే చేపముక్కలోకి దిగేది బహు స్వల్పం. అందులోనూ ఏళ్ళ తరబడి నూనె పట్టిన పెనం మీద ఆ నూనె మరిగి మరిగి గట్టి పొరగా మారి ఉంటుంది, ముక్కకీ ఇనుముకీ మధ్య అదొక అడ్డు. అంటే వేపుడికి పెనం ఎంత బాగా పనికొస్తే, ఇనుమివ్వడానికి అంత తక్కువ పనికొస్తుందన్నమాట. ఇనుము దిగాలంటే చేపల పులుసు దాన్లో పెట్టాలి. పెట్టండి చూద్దాం! పులుసు నల్లబడి, నాలిక మీద పాత మేకు చప్పరించిన రుచి వస్తుంది, పెనం మీద నూనె పొర కూడా ఊడిపోతుంది. ఆ సంగతి తెలిసే మన పెద్దవాళ్ళు పులుసు మట్టి దాకలో పెట్టేవారు. గోదావరి మీద పులస కోసం నానా హంగామా చేసేవాళ్ళని అడగండి, పులస పులుసు ఎందులో పెడతారని. ఇనప పెనం అని ఒక్కరు కూడా అనరు. మన అమ్మమ్మల వంటింట్లో పప్పూ పులుసూ కూరా ఉడికింది ఎక్కువగా మట్టిలోనూ కళాయి వేసిన ఇత్తడిలోనూ. ఇనుము అట్లకీ వేపుళ్ళకీ. ఆ మెసేజీలో బొమ్మే తప్పు.

ఇనుమూ చేపా అంటే నాకు కంబోడియా సంగతి గుర్తొస్తుంది. అక్కడి పల్లెల్లో ఆడవాళ్ళకి రక్తహీనత ఎక్కువని 2008 ప్రాంతంలో కెనడా నుంచి వెళ్ళిన క్రిస్టఫర్ చార్లెస్ అనే పరిశోధకుడు ఒక ఇనప ముక్కనిచ్చి వంట గిన్నెలో వేసి మరిగించుకోమన్నాడు. ఆ మొద్దు ముక్కని గిన్నెలో వేసుకోవడానికి వాళ్ళు ఒప్పుకోలేదు. అప్పుడు దాన్ని అక్కడివాళ్ళు అదృష్టమని నమ్మే చేప ఆకారంలో పోత పోయిస్తే వేసుకున్నారట. అదీ ఊరికే కాదు, నిమ్మరసం పిండిన నీళ్ళలో పది నిమిషాలు మరగాలి. మొదట్లో మంచి పేరొచ్చింది. తర్వాత ఇంకో ప్రాంతంలో పరీక్షించి చూస్తే రక్తహీనత తగ్గినట్టు తేలలేదు, అక్కడ చాలామందికి అది పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బుల వల్ల వచ్చిందే గాని ఇనుము చాలక కాదు. అచ్చంగా ఇనుము కోసమే గిన్నెలో వేసి మరిగించినదాని సంగతే ఇలా ఉంటే, నూనెలో వేగిన శీలావతి ముక్క నా నెత్తురు పెంచుతుందని ఎలా నమ్మమంటారు?

ఇక అమ్మమ్మల ఆరోగ్యం. 1970లో మన కేంద్ర ప్రభుత్వం గర్భిణులకీ పిల్లలకీ ఇనుము మాత్రలు పంచే జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. ఎందుకు పెట్టింది? అప్పటికి ఈ దేశంలో నాన్‌స్టిక్ పెనం పేరు విన్న ఇల్లెన్ని? పల్లెల్లో ఇంకా కట్టెల పొయ్యిలూ ఇనప పెనాలే. అయినా ఆడవాళ్ళ ఒంట్లో నెత్తురు లేదు. ఏడెనిమిదిమందిని కని రాయిలా తిరిగారంటున్నారే, తిరిగినవాళ్ళనే మనం చూశాం. మూడో కాన్పుకీ నాలుగో కాన్పుకీ పోయినవాళ్ళు ఫోటోల్లో కూడా లేరు. మా వైపు పాత ఇళ్ళల్లో అడిగి చూడండి, తాతగారి మొదటి భార్య అన్న మాట ఎన్ని ఇళ్ళల్లో వినిపిస్తుందో.

ఇప్పటి లెక్కలకి వద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత. ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. అదే వయసు మగవాళ్ళలో దేశం మొత్తం మీద నూటికి 25. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టుకుని చూడండమ్మా. ఆ మగవాళ్ళు వేరే పెనం మీద వండుకు తింటున్నారా? అదే ఇల్లు, అదే పొయ్యి, అదే గరిట. తప్పు పెనానిదే అయితే అంకెలు ఇద్దరికీ ఒకేలా ఉండాలి కదా!

నెలసరి ఉంది, కాన్పులున్నాయి, నిజమే. నెలనెలా పోయేది పోతుంది. అందుకనే కదా మనకి ఎక్కువ కావాలి. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు 2020లో వేసిన లెక్కలో రోజుకి మగవాడికి 19 మిల్లీగ్రాముల ఇనుము చాలన్నారు, ఆడదానికి 29 అన్నారు. ఒకటిన్నర రెట్లు. ఇప్పుడు మీ ఇంట్లో ఆదివారం చేపల వేపుడు వడ్డన కళ్ళ ముందు పెట్టుకోండి. ఆ ఒకటిన్నర రెట్ల కంచం ఎవరి ముందుంది?

నేను చూసిన ఒక ఇంటి సంగతి చెబుతాను. దగ్గర చుట్టాలే. పెనం మీద ఒక వాయికి నాలుగు ముక్కలు పడతాయి. మొదటి వాయి పెద్దాయనకి. "వేడివేడిగా ఇంకోటి పడెయ్యమ్మా" అని కంచం దగ్గర్నుంచి కేక. రెండో వాయి కొడుక్కీ అల్లుడికీ. మూడోది పిల్లలకి, ముళ్ళు తీసి, ఊదిపెట్టి. నాలుగోదానికి "వదినా, పెద్దది నాకు" అని మరిది. ఆ అమ్మాయి పొయ్యి దగ్గర చెమట కొంగుతో తుడుచుకుంటూ గంటసేపు నిలబడింది. అప్పటికి ఆమెకి ఆరో నెల. అత్తగారు చెడ్డమనిషేం కాదు, తనూ తినకుండా అన్నం వడ్డిస్తూనే ఉంది. చివరికి పళ్ళెంలో ఒక తోక ముక్క, ఒక పగిలిన పొట్ట ముక్క మిగిలాయి. ఇద్దరూ నువ్వు తినంటే నువ్వు తినని పంచుకుని, పెనం అడుగున మిగిలిన మసాలాలో అన్నం వేసి కలుపుకుని తిన్నారు. తిన్నాక వెంటనే టీ. టీ అన్నంలోని ఇనుముని ఒంటికి పట్టనివ్వదని ఆ అమ్మాయికి డాక్టరమ్మ చెప్పిందట. కానీ అంతసేపు నిలబడ్డ మనిషికి టీ పడకపోతే ఎలా? అప్పుడు ఆ పెద్దాయనే అన్నాడు, ఈ కాలం పిల్లలకి ఒంట్లో రక్తమే ఉండదని, ఇనప మూకుళ్ళల్లో వండుకోమని. అన్నాడు, చెయ్యి కడుక్కుని వెళ్ళి పడుకున్నాడు. ఆమె వండింది ఇనప పెనం మీదే!

పెనంలో కలుపుకున్న అన్నం నాకూ ఇష్టమే. ఆ మాడుమసాలా, ఆ నూనె, రెండు కరివేపాకులు, దాని ముందు పంచభక్ష్యాలు దిగదుడుపే. కానీ రెండు ముక్కలు తిన్నాక కలుపుకున్న అన్నం ఇష్టం. ముక్కలకి బదులు కలుపుకున్న అన్నానికి ఇష్టమని పేరు పెట్టకూడదు. మన అమ్మలు పెట్టారు. "నాకు తలకాయే ఇష్టం", "నాకు తోకే రుచి", "నాకు చేప వాసనకే కడుపు నిండిపోతుంది" అన్నారు. అవన్నీ నిజమేనని ఇంట్లోవాళ్ళు నమ్మారు, నమ్మడం వాళ్ళకి హాయిగా ఉంది కాబట్టి.

చేపముక్కలో ఇనుము మరీ ఎక్కువేమీ ఉండదు. ఈ మాట కూడా చెప్పాలి, లేకపోతే నేనూ ఆ మెసేజీ లాగానే తయారవుతాను. కానీ చేపకో గుణం ఉంది. అది కంచంలో ఉంటే పక్కనున్న తోటకూరలోదీ పప్పులోదీ ఇనుము ఒంటికి బాగా పడుతుంది. నిమ్మరసం కూడా అంతే. అంటే ఆకుకూరా చేపా నిమ్మచెక్కా ఒకే కంచంలో, ఒకే పూట ఉండాలి. పెనంలో కాదు, కంచంలో. అదీ ఆమె కంచంలో. బలమైన రక్తహీనత వచ్చాక ఇదొక్కటే చాలదు, మాత్రలు వేసుకోవాల్సిందే. నెలసరి విపరీతంగా అవుతుంటే డాక్టరుకి చూపించుకోవాల్సిందే. "పెనం మార్చాం కదా" అని ఊరుకుంటే ఆ ఆర్నెల్లూ దండగ. అసలు భయం నాకు అక్కడే ఉంది. వెయ్యో రెండు వేలో పోసి పెనం కొనిచ్చి, నీ ఆరోగ్యం కోసం చేయాల్సింది చేసేశామని ఇల్లంతా చేతులు దులిపేసుకోవడం.

ఇక నాన్‌స్టిక్ కొన్న పాపం. దాని పుట్టుక గురించి చెప్పుకునే కథ ఒకటుంది. ఆ పూత పదార్థం 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే ఆయన వేరే ప్రయోగం చేస్తుంటే అనుకోకుండా దొరికింది. 1950లలో ఫ్రాన్సులో మార్క్ గ్రెగోర్ అనే ఇంజనీరు, చేపలు పట్టే సరదా ఉన్నవాడు, తన గాలం సరంజామా చిక్కుపడకుండా దానికి ఆ పూత వేసుకున్నాడట. అది చూసి వాళ్ళావిడ, ఆ పూతేదో నా వంట పెనాలకి వెయ్యరాదా, అన్నదట. మగవాడు చేపలు పట్టే సరదాకి వాడుకున్నదాన్ని, ఆడది అంటుకుపోయిన పెనాలు గీకలేక తన పనికి అడిగింది. ఈ కథలో బద్ధకం నాకెక్కడా కనపడదు. ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద వదిలేస్తే ఆ పూత పాడవుతుంది, మరీ కాలితే చెడ్డ పొగ వస్తుంది, గీతలు పడ్డదాన్ని అవతల పారెయ్యడమే మంచిది. అది వాడకంలో జాగ్రత్త. దానికి వ్యక్తిత్వ పరీక్ష ఎందుకు?

పోత పెనం బరువెంతో ఈ మెసేజీలు పంపేవాళ్ళకి తెలుసా? ఒక మోస్తరుది రెండున్నర కిలోలు. మూకుడైతే ఇంకా ఎక్కువ. వేడి నూనెతో దాన్ని ఒక చేత్తో వంచాలి. నానబెట్టకూడదు, నానితే తుప్పు. వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్ళు పోయకూడదు, పగులుతుంది. కింద పడేస్తే రెండు ముక్కలు. చేప వేయించాక వాసన వదలాలంటే గోరువెచ్చటి నీళ్ళతో, కల్లుప్పుతో రుద్ది, పొయ్యి మీద పెట్టి తడంతా ఆరబెట్టి, బట్టతో పల్చగా నూనె రాసి దాచుకోవాలి. అదంతా నాకిష్టమే, నేను చేస్తాను. కాన్పయిన మూడు నెలలకి మణికట్టు నొప్పితో గిన్నె ఎత్తలేని పిల్ల చెయ్యక్కర్లేదు. రాత్రి ఎనిమిదికి ఆఫీసునుంచి వచ్చే పిల్ల చెయ్యక్కర్లేదు. చెయ్యాలని ఇంట్లో ఎవరికైనా అంత ముచ్చటగా ఉంటే, ఆ పెనం తోమి ఆరబెట్టి నూనె రాసే పని వాళ్ళు పుచ్చుకోవచ్చు. బరువులెత్తే జిమ్ముకి డబ్బు కట్టే మగపిల్లలు మన ఇళ్ళల్లో బోలెడుమంది ఉన్నారు.

పట్టుకొచ్చేవాళ్ళ సంగతి కూడా చెప్పి ముగిస్తాను. మాది కాలవల సీమ. ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు మడుగుల్లో చేపలు మిగులుతాయి. ఊళ్ళో మగవాళ్ళందరికీ అప్పుడు పిల్లతనం వస్తుంది. గాలాలు, వలలు, ఏదీ లేకపోతే పాత దోమతెర. మా మరిది ఒకడున్నాడు, మావారి బాబాయి కొడుకు. మొన్న వేసవిలో రాత్రి తొమ్మిదిన్నరకి బకెట్టుతో దిగాడు. "వదినా, ప్రాణంతో ఉన్నాయి, చూడు!" రెండు కొరమేనులు, అరడజను మట్టగిడసలు, బొమ్మిడాయిలు, గుప్పెడు పరిగెలు. మేం అన్నాలు తిని గిన్నెలు కడిగేసి ఉన్నాం. మావారు లేచి వచ్చి బకెట్టు చుట్టూ తిరిగి, "తాజా చేప ఇనప పెనం మీద ఎర్రగా వేగితే ఆ మజాయే వేరు" అన్నారు. ఆ వాక్యంలో చేప ఉంది, పెనం ఉంది, మజా ఉంది, వేయించే మనిషే లేదు. గమనించారా? బజార్లో చేప కొంటే కోసిపెట్టే ఆడవాళ్ళుంటారు, కిలోకి ఇంతని తీసుకుంటారు, అది పని అని అందరికీ తెలుసు. ఇంటికొచ్చిన చేపకి మాత్రం అదే పని లెక్కలోకి రాదు. పట్టినవాడి ఫోటో పడుతుంది.

నేనేం కేకలెయ్యలేదు. బకెట్టు పెరట్లో పంపు దగ్గర పెట్టించి, కత్తిపీటా బూడిదా తెచ్చి మరిది ముందు పెట్టాను. "నువ్వు తోమి ఇస్తే నేను వేయిస్తాను, తోమకపోతే ఇవి రేపు పొద్దుటిదాకా బకెట్లోనే బతుకుతాయి, వాటికేం తొందర లేదు" అన్నాను. మావారు నవ్వబోయి, నా మొహం చూసి, లైటు పట్టుకున్నారు. పన్నెండు దాటింది వేపుడయ్యేసరికి. ఆ రాత్రి నేను వేయించిన ముక్కలన్నీ మంట ఆపేశాక కూడా పెనం మీదే వదిలేశాను. పోత పెనం కదా, పావుగంటయినా వేడి వదలదు. నలుగురం ఒక్కసారే కూర్చున్నాం. ఎవరికి వాళ్ళు పెనంలోంచే తీసుకున్నారు. ఆఖరి ముక్క కూడా వేడిగానే ఉంది.

అదే ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి. ఆదివారం ముక్కలు ముందు లెక్కపెడతాను. పన్నెండుంటే మనిషికి మూడు, అందులో నావి మూడు, పొట్ట ముక్కతో సహా. వాయి వాయికీ ఎవరికీ వడ్డించను. మొదట్లో మా అత్తయ్యగారికి నచ్చలేదు. మగవాళ్ళకి చల్లారిపోతుందన్నారు. చల్లారదు అత్తయ్యా, ముట్టుకుని చూడండన్నాను. మూడో వారానికి ఆవిడే తన కంచం తెచ్చుకుని కూర్చుని, తోక ముక్క పక్కన పెట్టి నడుం ముక్క అడిగారు. డెబ్భై ఏళ్ళుగా తోకే ఇష్టమన్న మనిషి!

మరిది మళ్ళీ వస్తానని కబురు పెట్టాడు. పొలుసు తీయడం బాగానే వచ్చింది గానీ, కొరమేను తల దగ్గర ఇంకా జిగురు వదిలేస్తున్నాడు. ఈసారి బూడిద వాడి చేతే జల్లెడ పట్టించాలి.